ఇంజన్ పాడైతే చేసినవాళ్ళే కట్టాలి కదా, ఫోర్డ్ - నావిస్టార్ గొడవ కోర్టు దాకా ఎందుకెళ్ళింది?

శ్రీసిటీలో ఒక ఆటో కంపెనీలో సప్లయర్ క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరానని రాశారు. ఫోర్డ్ కంపెనీ తన డీజిల్ ఇంజన్ సప్లయర్ నావిస్టార్ మీద వేసిన కేసు గురించి మీ మేనేజర్ చెప్పారట. "ఇంజన్ వాళ్ళు చేసిందే అయినప్పుడు రిపేరు ఖర్చు కూడా వాళ్ళదే కదా, ఇందులో గొడవేముంది?" అని మీ ప్రశ్న.

నేను మిషిగన్‌లో డీజిల్ విడిభాగాలు చేసే ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేశాను. వారంటీ కింద తిరిగొచ్చిన భాగాలను విప్పి, ఎందుకు చెడిపోయాయో చూడటం నా పని. ఫోర్డ్ కేసు వేసింది మేముండే ఓక్లాండ్ కౌంటీ కోర్టులోనే. మా కంపెనీకి ఆ కేసుతో సంబంధం లేదు. అయినా ఆ రోజుల్లో మా ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. "రేపు మనకూ ఇదే గతి" అన్న టెన్షన్ అది.

ముందు కథ చెప్తాను. ఫోర్డ్ పెద్ద పికప్ ట్రక్కులకు డీజిల్ ఇంజన్లు 1980ల మొదటి నుంచీ నావిస్టార్ నుంచే వచ్చేవి. అప్పట్లో ఆ కంపెనీ పేరు ఇంటర్నేషనల్ హార్వెస్టర్. 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజన్‌కు ఎంత మంచి పేరంటే, ఇప్పటికీ ఇక్కడి రైతులు దాన్ని వెతికి మరీ కొంటారు. కాలుష్య నిబంధనలు బిగుస్తుండటంతో దాని స్థానంలో 2003 మోడల్‌కు 6.0 లీటర్ల కొత్త ఇంజన్ వచ్చింది. చిక్కులన్నీ అక్కడే మొదలయ్యాయి. వారంటీ ఖర్చులు పెరిగిపోయాయి. అందులో నావిస్టార్ తన వాటా కట్టడం లేదని, దాని తర్వాత వచ్చిన 6.4 లీటర్ల ఇంజన్ ధర కూడా ఒప్పందానికి మించి అడుగుతోందని 2007 జనవరిలో ఫోర్డ్ కేసు వేసింది. కేసుతో ఆగకుండా, తనకు రావాల్సిందని తాను లెక్కగట్టిన డబ్బును నావిస్టార్ బిల్లుల్లోంచి కోసుకోవడం మొదలుపెట్టింది. "పూర్తి డబ్బు ఇవ్వకపోతే ఇంజన్లు పంపం" అని ఫిబ్రవరి చివర్లో నావిస్టార్ సరఫరా ఆపేసింది. లూయివిల్‌లో ఫోర్డ్ ట్రక్ ప్లాంట్ ఈ ఇంజన్ల మీదే ఆధారపడి ఉంది. కోర్టు కలగజేసుకుని సరఫరా మళ్ళీ మొదలుపెట్టమని ఆదేశించింది.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంజన్ వాళ్ళదే, మరి తప్పూ వాళ్ళదే కదా?

6.0 ఇంజన్ ఎలా చెడిపోయేదో చూస్తే మీకే అర్థమవుతుంది. అందులో టర్బో కింద, రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో ఆయిల్ కూలర్ ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ముందు దానిలోంచి వెళ్ళి, ఆ తర్వాత ఈజీఆర్ కూలర్‌కు వెళ్తుంది. ఈజీఆర్ అంటే, పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్ళీ ఇంజన్‌లోకే పంపే ఏర్పాటు. ఆయిల్ కూలర్‌లో సన్నని దారులు మడ్డితో మూసుకుపోతే, వెనకున్న ఈజీఆర్ కూలర్‌కు కూలెంట్ సరిగా అందదు. పొగ వేడికి అది పగులుతుంది. కూలెంట్ ఇంజన్‌లోకి చేరి ఆవిరవుతుంది, సిలిండర్లలో ఒత్తిడి పెరుగుతుంది. సిలిండర్ల మీద మూతలా ఉండే భాగాన్ని హెడ్ అంటారు. ఈ ఇంజన్‌లో దాన్ని బిగించే హెడ్ బోల్టులు ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే. అవి సాగుతాయి, హెడ్ లేస్తుంది, దాని కింద లీకు కాకుండా ఉండే గాస్కెట్ పోతుంది. ఆ పని చెయ్యాలంటే చాలామంది మెకానిక్‌లు ట్రక్ క్యాబిన్‌నే ఛాసిస్ మీద నుంచి పైకి ఎత్తేసేవాళ్ళు. లేబర్ ఖర్చు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చెప్పండి, ఆ మడ్డి ఎవరిది? ఇంజన్ బ్లాక్ పోతపోసినప్పుడు లోపల మిగిలిన ఇసుక అని కొందరు మెకానిక్‌లు అంటారు. అలాగైతే ఇంజన్ చేసినవాళ్ళది. ఫోర్డ్ వాడమన్న కూలెంటే వేడికి విరిగి గడ్డకట్టిందని ఇంకొందరంటారు. అలాగైతే ట్రక్ చేసినవాళ్ళది. కొందరు ఓనర్లు ఎక్కువ పవర్ కోసం బయట ట్యూనింగ్ చేయించుకున్నారు. హెడ్ బోల్టులు సాగడంలో వాళ్ళ వాటా కూడా ఉంది.

ఇంజెక్టర్ల సంగతీ ఇంతే. ఇందులో ఇంజెక్టర్లు పనిచేసేది ఇంజన్ ఆయిల్ ఒత్తిడితోనే, కాబట్టి ఆయిల్ వేళకు మార్చకపోతే అవి జామ్ అవుతాయి. వాటికి 48 వోల్టుల కరెంటు అందించే కంట్రోల్ మాడ్యూల్ ఒకటుంది. బ్యాటరీలు, ఆల్టర్నేటర్ బలహీనపడితే అది దెబ్బతింటుంది, దాని వెంట ఇంజెక్టర్లూ పోతాయి. మాడ్యూల్ ఇంజన్ వైపు, బ్యాటరీ ట్రక్ వైపు. బిల్లు ఎవరికి పంపాలి?

నా పనిలో రోజూ చూసింది ఇదే. ఒక ట్రక్ కంపెనీకి మేము సరఫరా చేసిన భాగాలు తిరిగొచ్చేవి. పేరు చెప్పను. డీలర్ రాసిన చీటీలో "లీక్" అని ఒక్క మాట ఉండేది. ఆ ట్రక్ ఎంత దూరం తిరిగింది, ఏ కూలెంట్ పోశారు, ముందు ఏ రిపేర్లు జరిగాయి, ఇవేవీ ఉండేవి కావు. టెస్ట్ బెంచ్ మీద పెడితే చాలావాటిలో ఏ లోపమూ కనిపించేది కాదు. మా పరిశ్రమలో దాన్ని 'నో ట్రబుల్ ఫౌండ్' అంటారు. డీలర్ అసలు కారణం వెతికే ఓపిక లేక, అనుమానం వచ్చిన భాగాన్నల్లా మార్చేస్తాడు. అందుకు అతన్ని తప్పుపట్టలేను, వారంటీ పనికి అతనికి దొరికే సమయం అంతే. కానీ ఆ మొత్తం ఖర్చును ట్రక్ కంపెనీ మా బిల్లులోంచి కోసేది. భాగం ధర ఒక్కటే అయితే సర్దుకునేవాళ్ళం. లేబర్, టోయింగ్, డీలర్ హ్యాండ్లింగ్ అన్నీ కలిపి కోసేవాళ్ళు. మేము 8డి రిపోర్టులు, అంటే లోపానికి మూలకారణం, దిద్దుబాటు ఎనిమిది అంచెల్లో రాసే నివేదికలు, పంపిస్తూనే ఉండేవాళ్ళం, అవతల కొనుగోలు విభాగంలో వాటిని చదివేవాళ్ళు లేరు. మా ప్లాంట్‌లో ఓవర్‌టైమ్ ఆగిపోయింది. మంచి మెషినిస్టులు పని వదిలి వెళ్ళిపోయారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

అందుకే డబ్బు కోసుకోవడం మొదలైన రోజునే ఫోర్డ్, నావిస్టార్ బంధం చెడిపోయిందని నా అభిప్రాయం. లోపం గురించి ఇంజనీర్లు గంటల తరబడి వాదించుకుని కూడా మర్నాడు కలిసి టీ తాగగలరు. బిల్లులో కోత పడ్డాక మాట లాయర్ల చేతికి వెళ్తుంది. అలాగని నావిస్టార్ సరఫరా ఆపడాన్ని కూడా నేను సమర్థించను. లైన్ ఆగితే నష్టపోయేది రెండు వైపులా షిఫ్టులకొచ్చే కార్మికులే.

తర్వాత నావిస్టార్ ఇల్లినాయిలో ఎదురు కేసు వేసింది. చిన్న పికప్‌ల కోసం ఫోర్డ్ సొంతంగా డీజిల్ ఇంజన్ తయారు చేసుకుంటోందని, అది తమ ఒప్పందానికి విరుద్ధమని దాని వాదన. 2009 జనవరిలో ఇద్దరూ రాజీకి వచ్చారు, ఆ ఏడాది చివరితో సరఫరా ముగించాలని అనుకున్నారు. 2011 మోడల్ నుంచి ఫోర్డ్ తన 6.7 లీటర్ల ఇంజన్‌ను సొంతంగా చేసుకుంటోంది. 6.0 ట్రక్కుల ఓనర్లు ఫోర్డ్ మీద వేసిన సామూహిక దావా 2013లో రాజీతో ముగిసింది. ఆయిల్ కూలర్, ఈజీఆర్ కూలర్, ఇంజెక్టర్లు, టర్బో రిపేర్లకు పెట్టిన ఖర్చులో కొంత వాళ్ళకు వెనక్కి వచ్చింది. కంపెనీల మధ్య లెక్క తేలిన తర్వాత కూడా వాళ్ళు నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

మీరు కూర్చునేది కొనే కంపెనీ వైపు కాబట్టి మీకు చెప్పదలిచింది ఇది. మీ సప్లయర్లతో ఉన్న వారంటీ ఒప్పందాన్ని ఒకసారి తెప్పించుకుని చదవండి. తిరిగొచ్చిన భాగాల్లోంచి శాంపిల్ తీసి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర విప్పి చూడాలని, అందులో సప్లయర్ తప్పు ఎంత శాతమని తేలితే మొత్తం ఖర్చులో అంతే వాటా వేయాలని రాసి ఉందేమో చూడండి. నాకు తెలిసి ఇద్దరూ ఒప్పుకోగలిగిన పద్ధతి ఇదొక్కటే. శాంపిల్ ఎవరు ఎంచాలో కూడా రాసి ఉండాలి, లేకపోతే దాని మీదే గొడవ మొదలవుతుంది. కూలెంట్, ఆయిల్, బ్యాటరీ లాంటి సరిహద్దు వస్తువుల బాధ్యత ఎవరిదో పేరుపేరునా ఉందో లేదో చూడండి. ఇక లెక్క తేలకముందే బిల్లులోంచి కోసుకునే హక్కు మీ కంపెనీకి ఉందని అందులో ఉంటే, ఆ పేజీ తీసుకుని మీ మేనేజర్ దగ్గరకు వెళ్ళండి. ఫోర్డ్ కథ ఆయనకు ఎలాగూ తెలుసు, మీరు చెప్పేది వెంటనే అందుకుంటారు.