నోటుపుస్తకంలో 23 సార్లు కనిపించిన ఒకే వాక్యం

నడివయసులో మనిషిని మార్చేది రోజువారీ అలవాట్లా, ఆలోచనా ధోరణా అని అడిగారు. రెండింటినీ విడదీసి చూడటం నాకు నచ్చదు. నా చూపు మారింది పెన్ను చేతపట్టాకే.

47 ఏళ్లు నిండినప్పటి నుంచి పడుకునే ముందు మూడు వాక్యాలు రాస్తున్నాను. ఆ రోజు చేసినవి రెండు, చేయాలనుకుని వదిలేసినది ఒకటి. మొదట్లో ఒక్క ముక్కా తోచేది కాదు. పళ్లు తోముకున్న వెంటనే రాయడం మొదలుపెట్టాక ఆ పెనుగులాట తగ్గింది.

21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని ఊదరగొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 22వ రోజు కూడా కష్టంగానే ఉంటే, లోపం తనలోనే ఉందని మనిషి కుంగిపోడా? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులని, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని ఆ 12 వారాల వివరాలను బట్టి వాళ్లు అంచనా కట్టారు. ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా వాళ్లే చెప్పారు. నాకైతే నాలుగు నెలలు పట్టింది, మధ్యలో జ్వరమొచ్చి వారం రోజులు మానేశాను కూడా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నోటుపుస్తకం నిండిన రోజు పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను. మూడో వాక్యం మాటిమాటికీ ఒకటే: ‘తమ్ముడికి ఫోను చేయాలి.’ వేలు పెట్టి లెక్కపెట్టాను, 23 సార్లు. కొన్నిచోట్ల నీలం సిరా, కొన్నిచోట్ల నలుపు, ఒకచోట సిరా అయిపోతూ వెలిసిపోయిన అక్షరాలు. మా మధ్య గొడవేమీ లేదు. నాకు తీరిక లేదని నేనే నమ్మాను, అంతే.

అప్పటికప్పుడు ఫోను చేశాను. వాడు ‘హలో’ అయినా అనకుండా, “అక్కా, ఏమైంది? అందరూ బాగానే ఉన్నారా?” అన్నాడు. నా ఫోను వచ్చిందంటే చెడు కబురేనని వాడు అనుకునేదాకా తెచ్చాను. ఆ గొంతులోని కంగారు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఊరికే చేశానంటే నమ్మడానికి వాడికి కాసేపు పట్టింది.

ఈ వయసులో ఎదగాలంటే కొత్త విద్య నేర్చుకోవాలి, పరుగు పందేల్లో పాల్గొనాలి అంటారు. చేయండి, కాదనను. కానీ నడివయసులో మనకు కొరవడేది నైపుణ్యం కాదని నా గట్టి నమ్మకం. ఏళ్ల తరబడి వేటిని వాయిదా వేస్తున్నామో మనకే తెలియడం లేదు. రాసుకుని వెనక్కి తిరిగి చదివితే తప్ప అది బయటపడదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వాడికి ఫోను చేస్తాను. మొదటి నెలంతా ఇద్దరం మాటలు వెతుక్కున్నాం. ఈ మధ్య నేను పది నిమిషాలు ఆలస్యం చేస్తే వాడే చేస్తున్నాడు.