కుక్క తోట తవ్వేస్తుంటే కారం చల్లకండి, ముందు ఆ గుంతలు చూడండి

"రెండేళ్ల కుక్క, రోజూ మొక్కలు పీకి గుంతలు తవ్వుతోంది, తిట్టినా ఆగట్లేదు, మట్టి మీద కారం చల్లితే మానేస్తుందా" అని అడిగారు.

కారం మాత్రం వద్దండి. నేను చల్లి చూశాను. మావాడు వాసన చూడగానే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు, ముంగాళ్లతో మొహం రుద్దుకుంటూ గంటసేపు గిలగిల్లాడాడు. ఆ కాళ్లకే కారం అంటుకుని ఉందని నాకు తట్టేసరికి ఆలస్యమైంది, రుద్దుకున్నకొద్దీ ఇంకా మండింది పాపం. రెండ్రోజులకు వాన పడి కారం కొట్టుకుపోయింది, వాడు మళ్లీ అదే చోట తవ్వాడు. నాఫ్తలీన్ ఉండలు పెట్టమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అవి కుక్కలకు విషం, ఆ జోలికే పోకండి.

తిట్టడం కూడా దండగే. సాయంత్రం ఇంటికొచ్చి, వాణ్ణి గుంత దగ్గరికి లాక్కెళ్లి తిట్టేవాణ్ణి. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడుచుకుని చూస్తుంటే తప్పు తెలిసొచ్చిందనుకునేవాణ్ణి. అది నా మొహం చూసి భయం, అంతే. పొద్దున తవ్విన గుంతకీ సాయంత్రం పడ్డ తిట్లకీ సంబంధం ఉందని కుక్కకు తెలియదు. వాడు నేర్చుకున్నదల్లా గేటు చప్పుడు వినగానే మంచం కిందికి దూరడం.

తర్వాత ఓ వారం పాటు ఏమీ అనకుండా ఎక్కడ తవ్వుతున్నాడు, ఏ వేళ తవ్వుతున్నాడు అని గమనించా. రెండు రకాల గుంతలు తేలాయి. ఒకటి గోడ నీడన, వెడల్పుగా, లోతు లేకుండా, సరిగ్గా వాడి పొట్ట పట్టేంత, అదీ మధ్యాహ్నం పూటే. అంటే వేడికి తాళలేక పైమట్టి గీకేసి కింద చల్లటి మట్టిలో పడుకుంటున్నాడన్నమాట. రెండోది గులాబీ మొదట్లో, సన్నగా, జానెడు లోతు. దీనికి కారణం నేనే! మొక్కకు బలమని ఎముకల పొడి వేశాను, వాడి ముక్కు లెక్కలో అక్కడ ఎముక పాతిపెట్టినట్టే కదా. ఓ పొద్దున చూస్తే ముక్కు నిండా బురద, మీసాలకు వేరు పోగులు వేలాడుతూ, పీకేసిన గులాబీ పక్కన తోక ఊపుతూ నిలబడి ఉన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఎరువుల మాట వచ్చింది కాబట్టి ఇది మాత్రం మర్చిపోకండి. ఆముదం పిండి వాడుతుంటే ఇవాళే ఆపేయండి. కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి, అందులో రైసిన్ అనే విషం ఉండిపోయి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ఎముకల పొడి విషం కాకపోయినా ఎక్కువ తింటే కడుపులో ముద్దకట్టి అడ్డుపడొచ్చు. నేను రెండూ మానేసి బాగా మాగిన ఆకుల కంపోస్టుకు మారాను, గులాబీ గుంత దానితోనే సగం తగ్గింది. మిగతా సగానికి మొదలు చుట్టూ కోళ్ల గూళ్లకు వాడే సన్న వల మట్టి కింద పరిచి, అంచులు కాళ్లకు గుచ్చుకోకుండా కిందికి మడిచాను. గోళ్లకు వల తగిలితే వాడికి విసుగొచ్చేస్తుంది, నాలుగైదు సార్లు ప్రయత్నించి వదిలేశాడు.

అన్నిటికన్నా పనిచేసింది మాత్రం వాడికంటూ ఓ గుంత ఇవ్వడం. ఓ మూల నీడలో నాలుగడుగుల చోటు, చుట్టూ ఇటుకలు, అడుగు లోతున ఇసుక. మొదటి రోజు వాడి బంతిని సగం బయటికి కనపడేలా పాతాను, తర్వాత పూర్తిగా, తర్వాత ఇంకా లోతుగా. వేరేచోట తవ్వుతూ దొరికితే అరవకుండా పిలిచి ఇక్కడికి తీసుకొచ్చి, తవ్వగానే మెచ్చుకునేవాణ్ణి. మూడు వారాలు పట్టింది, మధ్యలో ఓ కనకాంబరం బలైంది. పొద్దున నడక కూడా పావుగంట నుంచి ముప్పావుగంటకు పెంచాను, అలసిన కుక్కకు తవ్వే ఓపిక ఎక్కడిది?

మీది ఏ జాతో రాయలేదు. టెర్రియర్, డాష్‌హండ్ లాంటివైతే వాటిని బొరియల్లో దాక్కున్న జంతువులను పట్టడానికే పెంచారు, టెర్రియర్ అన్న పేరే నేల అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. వాటితో పూర్తిగా మాన్పించడం అయ్యే పని కాదు, చోటు మార్పించడమే. కంచె వారనే తవ్వుతుంటే బయటికి పోవాలని చూస్తోందేమో, ఒకేచోట వదలకుండా తవ్వుతుంటే కింద ఎలుక బొరియ ఉందేమో చూడండి. ఆడకుక్క కడుపుతో ఉన్నా తవ్వుతుంది.

గోడ పక్క గుంత మాత్రం నేను పూడ్చలేదు. పక్కన నీళ్ల గిన్నె పెట్టాను, మధ్యాహ్నం వాడు ఆ గుంతలోనే పడుకుంటున్నాడు. మీ కుక్క ఎక్కడ, ఏ వేళ తవ్వుతోందో రాయండి, ఇంకొంచెం వివరంగా చెప్తాను.