నియాండర్తల్‌కి రేషన్ కార్డు ఇస్తామా?

మనకి దగ్గరి బంధువులైన ప్రాచీన మానవులు, నియాండర్తల్ మనుషులు, సుమారు 40,000 ఏళ్ల క్రితం అంతరించారు. వాళ్లలో ఒక గుంపు ఎక్కడో మిగిలి ఉండి ఇవాళ మన మధ్యకి వస్తే మనం ఎలా చూస్తాం, ఎలా చూడాలి? దీని మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: మా బడిలో ఉన్న చార్టులో నియాండర్తల్ నడుం వంచి, చేతులు వేలాడేసి కోతిలా నడుస్తుంటాడు. "సార్, వీడు మనిషేనా?" అని పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు? – ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జ: ముందు ఆ చార్టు గోడ మీంచి తీసేయండి మాస్టారూ. 1908లో ఫ్రాన్స్‌లోని లా షపెల్-ఓ-సెంత్ దగ్గర ఒక పెద్దాయన అస్థిపంజరం దొరికింది. దాన్ని పరిశీలించిన మార్సెలాన్ బూల్ ఈ జాతి వంగి నడిచేదని రాశాడు. బొమ్మలు గీసేవాళ్లు అదే పట్టుకున్నారు. 1957లో ఆ ఎముకలను మళ్లీ చూసినవాళ్లు అది కీళ్లవాతంతో పాడైన వెన్నెముక అని చెప్పారు. మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకున్న తాతను చూసి ఊరందరి నడకా అంతేనని రాయడం లాంటిదే ఇది.

అసలు రూపం ఇదీ: మగవాళ్లు 165 సెంటీమీటర్ల దగ్గర, ఆడవాళ్లు 155 దగ్గర ఎత్తు. పీపాలాంటి ఛాతీ, పొట్టి ముంజేతులు. కళ్ల మీద గట్టులా ఎముక, వెడల్పాటి ముక్కు, ముందుకు పొడుచుకు రాని గడ్డం. మెదడు పరిమాణం మనకి తీసిపోదు, కొందరిలో మనకన్నా ఎక్కువే. ఇక మాట సంగతి. పిల్లల్ని వేలితో గొంతు పట్టుకుని గుటక వేయమనండి. పైకీ కిందికీ కదిలే ముడికి కాస్త ఎగువన, నాలుక మొదట్లో గుర్రపు నాడా ఆకారంలో చిన్న ఎముక ఒకటి ఉంటుంది. అలాంటిదే 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో, ఒక నియాండర్తల్ సమాధిలో దొరికింది. చూడ్డానికి మన ఎముకలాగే ఉంది, కాబట్టి వాళ్లూ మాట్లాడి ఉండొచ్చు.

పిల్లలకి ఇరాక్‌లోని షానిదార్ గుహ మనిషి గురించి తప్పకుండా చెప్పండి. అతని కుడి చెయ్యి ఎండిపోయింది, ఒక కన్ను సరిగా కనపడేది కాదు, చెవులూ పనిచేసేవి కావు. అయినా నలభై ఏళ్ల దాకా బతికాడు. ఆ రోజుల్లో అలాంటివాడు ఒంటరిగా వేటాడి బతకలేడు. ఎవరో తిండి పెట్టారు, ఎవరో చెయ్యి పట్టి నడిపించారు. "మనిషేనా?" అంటే మా జవాబు ఇదే.

ప్ర: మహేంద్రగిరి అడవుల్లో అలాంటివాళ్లు దాక్కుని ఉండే వీలుందా? – మందస

జ: లేదండీ. నియాండర్తల్ ఎముకలు యూరప్‌లో, పశ్చిమాసియాలో, అటు సైబీరియాలోని ఆల్తాయ్ కొండల దాకా దొరికాయి. మన దేశంలో ఒక్కటీ దొరకలేదు. 1982లో నర్మదా తీరాన హత్నోరాలో దొరికిన పుర్రె ప్రాచీన మానవుడిదే, కానీ నియాండర్తల్‌ది అని తేలలేదు. ఈ ప్రశ్నకి ఒక హెచ్చరిక కూడా జోడిస్తున్నాం: కొండల మీది సవరలనో జాతాపులనో చూసి "వీళ్లేనేమో" అనే మాట నోట రానివ్వకండి. ఆఫ్రికా బయటి మూలాలున్న మనందరి జన్యువుల్లో ఒకటి రెండు శాతం నియాండర్తల్ వాటా ఉంది. మైదానంలో మీకున్నదీ కొండ మీద వాళ్లకున్నదీ ఆ కొంచెమే.

ప్ర: అలాంటి మనిషిని ఎవరైనా చంపితే హత్య కేసు పడుతుందా? పౌరసత్వం, ఆధార్ సంగతేంటి? – న్యాయ విద్యార్థిని, విజయనగరం

జ: వచ్చిన ప్రశ్నలన్నిటిలో అసలైనది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 2లో "మరణం" అంటే మానవుడి మరణం అని ఉంది. అదే సెక్షన్‌లో "జంతువు" అంటే మానవుడు కాని ఏ ప్రాణి అయినా అని ఉంది. మూడో గడి లేదు. "మానవుడు" అంటే ఎవరో మాత్రం ఎక్కడా నిర్వచించలేదు. ముద్దాయి తరఫు వకీలు మొదటి రోజే లేచి, చనిపోయినవాడు హోమో సేపియన్ (మన జాతి మనిషి) కాడు, మానవుడు కాడు అని వాదిస్తాడు. ఆ వాదన నెగ్గితే సెక్షన్ 103 కింద మరణశిక్షో యావజ్జీవమో పడాల్సిన నేరం సెక్షన్ 325కి, అంటే జంతువును చంపిన కేసుకి జారిపోతుంది. దానికి గరిష్ఠం 5 ఏళ్లు. పైగా అది ఆస్తికి చేసిన నష్టం కిందికి వచ్చే నేరం. నియాండర్తల్ ఎవరి ఆస్తీ కాదు కాబట్టి అది కూడా నిలవదు. చంపినవాడు ఇంటికి పోతాడు.

అందుకని మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: ఇలాంటివాళ్లు కనపడిన వారంలోనే "మానవుడు అంటే హోమో ప్రజాతికి (మనమూ నియాండర్తల్‌లూ ఉన్న వర్గానికి) చెందిన ఎవరైనా" అని ఒక్క వాక్యం చట్టంలో చేర్చాలి. తెలివి పరీక్షలు, భాషా పరీక్షలు పెట్టి నిర్ణయించకూడదు. పరీక్ష పెడితే అందులో తప్పేవాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. పసిపిల్లలు, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు.

ఒకసారి మానవుడని ఒప్పుకుంటే రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు వెంటనే వర్తిస్తాయి. అవి "పౌరుడు" అనవు, "వ్యక్తి" అంటాయి. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 21వ అధికరణం పౌరులు కానివారికీ రక్షణేనని చెప్పింది. ఓటు, ప్రభుత్వ ఉద్యోగం, దేశమంతా తిరిగే హక్కు మాత్రం పౌరులకే. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా మన గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూస్తారు.

అసలు చిక్కు కాగితం దగ్గర వస్తుంది. ఏడాది దాటాక జనన నమోదుకి జిల్లా మేజిస్ట్రేటో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో ఉత్తర్వు ఇవ్వాలి. వయసు తెలియకపోతే ఎముకలకు ఎక్స్‌రే తీస్తారు. ఆ పట్టికలు మన ఎముకల ఎదుగుదలను బట్టి తయారైనవి. నియాండర్తల్ పిల్లల పళ్లు మనవాటికన్నా కాస్త ముందే ఎదిగేవని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ లెక్కన 16 ఏళ్ల కుర్రాణ్ణి పెద్దవాడని రాసేసి జైలుకి పంపే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే తక్కువ వయసే వేయాలి.

షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చడం 342వ అధికరణం కింద జరగాలి. 1965 నాటి లోకూర్ కమిటీ పెట్టిన కొలమానాల్లో "ఆదిమ లక్షణాలు" ఇంకా ఒకటిగా ఉంది. మనిషికి హక్కు ఇచ్చే కాగితం మీద ఆ మాట ఉండటం మాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ప్ర: పోలీసులు వాళ్లని ఎలా చూస్తారంటారు? – చీపురుపల్లి

జ: ఇదివరకు ఎలా చూశామో అలాగే చూసే ప్రమాదం ఉంది. 1871 నాటి నేరస్త తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టినవాళ్లందరినీ పుట్టుకతోనే దొంగలని రాసేసింది. ఊరు దాటాలంటే హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. 1952 దాకా ఆ చట్టం ఉంది. ఊళ్లో కోడి పోతే మొదట ఎవరి గుమ్మం తడతారో చూడండి, ఆ చట్టం ఇంకా ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది.

ప్ర: వాళ్లు మా పీహెచ్‌సీ పరిధిలోకి వస్తే మొదటి నెల మేం ఏం చేయాలి? – ఏఎన్ఎం, పాతపట్నం

జ: అమ్మా, మీ పనే అన్నిటికన్నా ముందు వస్తుంది. ఇలాంటి గుంపుల్ని ఎక్కువగా చంపింది తుపాకులు కాదు, జలుబూ తట్టూ. 1858లో బ్రిటిష్‌వాళ్లు స్థావరం వేసేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు ఇప్పుడు పదుల్లోకి వచ్చారు.

దగ్గరికి వెళ్లేవాళ్లు ఇద్దరికి మించకూడదు, రోజుకొకరు మారకూడదు. ఇద్దరూ తట్టు-రుబెల్లా రెండు డోసులూ, ఫ్లూ టీకా వేయించుకుని ఉండాలి. గొంతు గరగరమన్నా ఆ రోజు మానేయాలి. తట్టు సోకాక బయటపడటానికి 10 నుంచి 14 రోజులు, ఒక్కోసారి 21 రోజులు పడుతుంది. కాబట్టి లెక్క 21 రోజులకి కట్టండి. వారంలో ఏమీ కాలేదని జనాన్ని వదిలితే రెండో వారంలో గుంపంతా పడకేస్తుంది. పాత చీరలు, దుప్పట్లు దానం ఇవ్వనివ్వకండి. మంచి మనసుతోనే ఇస్తారు, గజ్జి కూడా వాటితోనే వెళుతుంది.

తట్టు టీకా 0.5 మిల్లీలీటర్లు, చర్మం కింద. గర్భిణులకి వద్దు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, కలిపిన వయల్‌ని 4 గంటల్లో వాడాలని మీకు తెలుసు. కొండ ఎక్కేసరికి ఐస్ ప్యాకులు కరిగిపోవడమే మామూలుగా జరిగే తప్పు. కాబట్టి పైకి చేరాకే కలపండి. తట్టు వచ్చేస్తే ఏడాది దాటిన వాళ్లకి విటమిన్ ఏ 2 లక్షల యూనిట్లు, మర్నాడు మళ్లీ అంతే. 6 నుంచి 11 నెలల బిడ్డకి అందులో సగం.

నొప్పికీ జ్వరానికీ ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్‌నీ, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌నీ నెమ్మదిగా కరిగించే జన్యు రకం మనలో కొందరికి నియాండర్తల్‌ల నుంచే వచ్చింది. వాళ్ల ఒంట్లో ఆ మందు ఎక్కువసేపు నిలవొచ్చు. రక్తం ఎక్కించాల్సి వస్తే గ్రూపు చూసి ఊరుకోకండి, క్రాస్ మ్యాచ్ (ఇచ్చేవాళ్ల రక్తంతో కలిపి చూడటం) చేయకుండా ఒక్క చుక్కా ఎక్కించొద్దు. ఏ, బీ, ఓ గ్రూపులు వాళ్లలోనూ ఉన్నాయి, కానీ ఆర్‌హెచ్ రకంలో తేడా కనిపించింది.

తిండికి పాలపొడి పంచకండి. పెద్దయ్యాక పాలు అరిగించుకునే జన్యు మార్పు వాళ్లలో లేదు. విరేచనాలు పట్టుకుంటే అది రోగమా పాలా అని మీకే తెలియదు. షానిదార్ మనుషుల పళ్ల గారలో ఉడికించిన గింజల పిండి ఆనవాళ్లు దొరికాయి. కాబట్టి పలచటి చోడి అంబలి, ఉడికించిన దుంపలు, చేపతో మొదలుపెట్టండి. ఉప్పు, కారం తర్వాత చూడొచ్చు. చలికి అలవాటు పడిన ఒళ్లు అది. మన వైశాఖపు ఉక్కకి మొదట వడదెబ్బే తగులుతుంది. నీడ, నీళ్లు, లీటరుకి ఒక ఓఆర్ఎస్ పొట్లం, సాయంత్రానికి దోమతెర.

ప్ర: వాళ్లకి బలం ఎక్కువంటున్నారు. పనికి పిలిస్తే మంచిదే కదా, నాలుగు డబ్బులు వస్తాయి? – రాజాం

జ: పని చేసుకుని బతకడం ఎవరికైనా మంచిదే. కానీ అధికారికన్నా ముందు మేస్త్రీ వస్తాడు, చేతిలో అడ్వాన్సుతో. మన జిల్లాల వలస కూలీలకి ఇది కొత్త కథ కాదు. అడ్వాన్సు తీరేదాకా కదలకూడదన్నా, కార్డు దగ్గర పెట్టుకున్నా, రోజు కూలి కనీస వేతనం కన్నా తగ్గినా అది వెట్టే. ఒకడితో ఇద్దరి పని చేయించి ఒక కూలి ఇస్తే అదీ దోపిడీయే. 23వ అధికరణం, 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం దీనికే ఉన్నాయి. తహసీల్దారుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, విచారణ అయ్యాక విడుదల పత్రం తప్పక అడిగి తీసుకోవాలి. అది చేతిలో లేకపోతే పాత బాకీ పేరుతో మళ్లీ లాక్కుపోతారు.

ప్ర: మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం ఎన్నోసార్లు రక్తం తీసుకెళ్లారు. ఏం తేలిందో మా గుమ్మంలోకి వచ్చి చెప్పినవాళ్లు తక్కువ. వాళ్లనీ ఇలాగే చేస్తారు కదా? – సోంపేట

జ: మీ కోపం న్యాయమైనదండీ. అమెరికాలో హవాసుపాయ్ తెగవాళ్లు మధుమేహం కారణం తెలుస్తుందని 1990లలో రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను వాళ్లకి చెప్పకుండా వేరే పరిశోధనలకి వాడారు. వాళ్లు కోర్టుకెళ్లి పోరాడాక 2010లో విశ్వవిద్యాలయం పరిహారం చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చింది. నియాండర్తల్ రక్తం అంటే పరిశోధకులకి బంగారం. 2010లో ఎముకల పొడి నుంచి వాళ్ల జన్యుపటాన్ని మొదటిసారి కూర్చిన స్వాంతె పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. అందుకే నియమం గట్టిగా ఉండాలి: మాట అర్థమయ్యేదాకా వైద్యానికి తప్ప రక్తం తీయకూడదు. ఒక పనికి తీసింది ఇంకో పనికి వాడకూడదు. నమూనా దేశం దాటకూడదు. ఫలితం ముందు ఇచ్చినవాళ్లకి చెప్పి, ఆ తర్వాతే ప్రచురించాలి. వేలిముద్ర వేయించిన కాగితం సమ్మతి కాదు.

ప్ర: మనవాళ్లతో పెళ్లిళ్లు జరిగితే పిల్లలు పుడతారా? – బొబ్బిలి

జ: పుట్టారు కాబట్టే మనలో వాళ్ల జన్యువులున్నాయి. రొమేనియాలోని ఒక గుహలో దొరికిన 40,000 ఏళ్ల నాటి మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక నియాండర్తల్ పూర్వీకుడున్నాడు. మగపిల్లల్లో సంతాన సామర్థ్యం తగ్గి ఉండొచ్చని జన్యువుల్లో సూచనలున్నాయి. చట్టానికొస్తే 1954 ప్రత్యేక వివాహ చట్టం "ఇద్దరు వ్యక్తులు" అంటుంది. 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

ప్ర: జనం సెల్ఫీల కోసం ఎగబడితే? – నెల్లిమర్ల

జ: ఎగబడతారు. 1906లో న్యూయార్క్‌లో ఓటా బెంగా అనే కాంగో మనిషిని జూలో కోతుల బోను దగ్గర జనానికి చూపించారు. పదేళ్లకి ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2012లో అండమాన్ రోడ్డు మీద జారవా తెగవాళ్ల చేత తిండి ఆశ చూపి నృత్యం చేయించిన వీడియో బయటపడింది. దారి మూసేయాలి, ఫోన్లు గేటు దగ్గరే పెట్టించాలి. ఇందులో మెత్తదనం పనికిరాదు.

ప్ర: వాళ్లకి తెలుగు నేర్పాలా, ఇంగ్లిష్ నేర్పాలా? – నరసన్నపేట

జ: ముందు మనం వాళ్ల మాట నేర్చుకోవాలి. దానికి దారి చూపినవారు మీ పక్కనే పుట్టారు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా, తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బళ్లు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. అడవి జ్వరానికి వాడిన క్వినైన్‌తో ఆయనకి చెముడు వచ్చింది.

నియాండర్తల్‌ల దగ్గర మధ్యవర్తి ఉండడు, కాబట్టి చూపించి అడగడమే దారి. వేలితో చూపిస్తే "వేలు" అనే మాట చెప్పవచ్చు, "అక్కడ" అనీ చెప్పవచ్చు. అందుకని వస్తువు చేతికిచ్చి అడగాలి. అంబలి గిన్నె ఇచ్చి, చెప్పిన మాట రాసుకోండి. ఖాళీ గిన్నె ఇచ్చి మళ్లీ అడగండి. మాట మారితే మొదటిది అంబలి, రెండోది గిన్నె. మారకపోతే రెండుసార్లూ గిన్నె పేరే చెప్పి ఉంటారు. శరీర భాగాలు, నీళ్లు, నిప్పు, తినడం, నొప్పి, "వద్దు" అన్నవాటితో మొదలుపెట్టి 200 మాటలు పోగయ్యాకే వాక్యాల జోలికి వెళ్లాలి. వాటిలో "వద్దు" అనే మాట మొదటి రోజే పట్టుకోవాలి. సూది వేసేటప్పుడు, ఫొటో తీసేటప్పుడు, పిల్లని ఎత్తుకునేటప్పుడు వాళ్లు అదే అంటుంటారు.