ఇద్దరు వెళ్లి ఒక్కరే తిరిగి వచ్చిన కథ తీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నల్లమలలో దారి తప్పిన ఇద్దరు స్నేహితుల నిజ కథను నువ్వు సినిమాగా తీయబోతున్నావని, నిర్మాత కూడా దొరికాడని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో భయం కంటే గర్వమే ఎక్కువగా వినిపించింది. నాకు రెండూ సమానంగా కలిగి తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరువాత ఈ రంగాన్ని పట్టుకున్నది నువ్వు ఒక్కదానివే. ఇరవై ఆరేళ్లు కో-డైరెక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక, నువ్వు అడగకపోయినా కొన్ని మాటలు చెప్పడం నా బాధ్యత అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అటవీశాఖ అనుమతికి ఇప్పుడే దరఖాస్తు పెట్టు. పులుల అభయారణ్యం లోపలి భాగంలో కెమెరా పెట్టనిస్తారని ఆశ పెట్టుకోకుండా, అంచు గ్రామాల దగ్గర నీ కథకు సరిపోయే బండలూ వాగులూ ఎక్కడున్నాయో చూసుకో. మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు మీద అటవీశాఖ వాళ్లు రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్లీ ఉదయం 6 గంటలకే తీస్తారు కాబట్టి, రాత్రి సీన్లు ఉన్నప్పుడు యూనిట్టు బస గేటుకు ఏ పక్క ఉండాలో ముందే తేల్చుకో. పాముకాటుకు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో తెలియని చోట షూటింగు పెట్టవద్దు. నటుడు చిక్కిపోయినట్టు కనపడాలంటే డాక్టరు చెప్పిన పద్ధతిలోనే తిండి తగ్గించు. పస్తులుండి సెట్టులో కళ్లు తిరిగి పడిపోయిన ఒక కుర్రవాణ్ణి నేను నా చేతులతో కారులో పడుకోబెట్టాను, ఆ బరువు నాకింకా గుర్తుంది. వీలైతే సీన్లను కథ నడిచే వరుసలోనే తీసుకో. గడ్డమూ ఎండకు నల్లబడిన చర్మమూ వాటంతట అవే కుదురుతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ నాన్న చెప్పిన కథలో ఒక మాట నన్ను గుచ్చింది. చనిపోయిన స్నేహితుడు పిరికివాడనీ, అతని తొందరపాటు వల్లే ఇద్దరూ దారి తప్పారనీ నువ్వు రాసుకున్నావట. అమ్మా, ఈ మాట నీకు ఎవరు చెప్పారు? బతికి వచ్చినవాడు చెప్పాడా, లేక కథకు ఒత్తిడి చాలదని నువ్వే కల్పించావా? రెండోదే నిజమైతే, ఆ పేజీలు ఈ రోజే చింపెయ్యి. ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది.

మద్రాసులో నేను పనిచేస్తున్న రోజుల్లో ఇలాంటి నిజ కథ ఒకటి మా చేతికి వచ్చింది. కలప లెక్కలు రాసే ఇద్దరు గుమాస్తాలు అడవిలో దారి తప్పారు. అయిదో రోజున ఒక మేకల కాపరికి ఒక్కరే ప్రాణాలతో దొరికారు. అలా బతికి వచ్చినాయన ఇంటి అరుగు మీద రెండు రోజులు కూర్చుని జరిగినదంతా నేనే రాసుకున్నాను. సీసాలో మిగిలిన చివరి గుక్కెడు నీళ్లతో స్నేహితుడు పెదవులు మాత్రం తడుపుకుని, "నీకు చిన్నపిల్లలున్నారు, నువ్వు తాగు" అని సీసా తిరిగి ఇచ్చేశాడట. అది చెబుతూ ఆయన మాట్లాడలేక లోపలికి వెళ్లిపోయారు. నేను నోటుపుస్తకం మూసి, చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాను.

తరువాత కథా చర్చల్లో, సెకండాఫ్‌లో ప్రేక్షకుడు కోపం తెచ్చుకోవడానికి ఎవరూ లేరని అందరూ అనుకున్నారు. అడవి మీద ఎంతసేపని కోపం వస్తుంది? ఆ రాత్రి లాడ్జి గదిలో కూర్చుని నేను ఒక సీను రాశాను: హీరో నిద్రపోతుండగా స్నేహితుడు లేచి, చప్పుడు కాకుండా చివరి నీళ్లు తాగేస్తాడు. తెల్లవారి చదివి వినిపిస్తే గదిలో ఉన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. మేకల కాపరిని కూడా తీసేసి, హీరో తన కాళ్ల మీద తానే రోడ్డు ఎక్కినట్టు మార్చాము. పేర్లు మార్చాము కనుక ఎవరికీ అన్యాయం జరగదని నాకు నేను చెప్పుకున్నాను.

సినిమా రెండో వారంలో ఉండగా యూనిట్టుతో కలిసి నంద్యాల వెళ్లాము. ఆట వదిలాక, హాలు మెట్ల దగ్గర ఒక ముసలావిడ పక్కింటి పిల్లవాణ్ణి తోడు పెట్టుకుని నిలబడి ఉంది. కథ రాసుకున్నది నేనే అని ఎవరో చెప్పారట, నా చెయ్యి పట్టుకుని, "ఆ నీళ్లు తాగింది మావాడేనా నాయనా?" అని అడిగింది. అది కల్పన అమ్మా, సినిమా కోసం రాసింది అన్నాను. "ఊళ్లో అందరూ నిజమే అంటున్నారు" అంది. అప్పుడు నేను చేయవలసింది ఒక్కటే: ఆమెతో ఆ ఊరు వెళ్లి, రచ్చబండ దగ్గర నిలబడి, ఆ కుర్రవాడు నీళ్లు ఇచ్చాడే గాని తీసుకోలేదని నలుగురికీ చెప్పడం. కారు సిద్ధంగా ఉంది, తిరుగు ప్రయాణానికి ఆలస్యమవుతోందన్నారు, నేను ఎక్కేశాను. ఆరేళ్ల తరువాత ధైర్యం చేసుకుని వెళ్లేసరికి ఆమె లేదు. బతికి వచ్చిన పెద్దమనిషి నా ఉత్తరాలకు మళ్లీ జవాబు రాయలేదు. ఇది మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అందుకే 'సొసైటీ ఆఫ్ ది స్నో' సినిమా చూసినప్పుడు నేను మధ్యలో లేచి బయటకు వెళ్లవలసి వచ్చింది. నువ్వూ చూసే ఉంటావు. 1972 అక్టోబరు 13న 45 మందితో వెళుతున్న ఉరుగ్వే విమానం ఆండీస్ పర్వతాల మంచులో కూలిపోయింది, 72 రోజుల తరువాత 16 మంది ప్రాణాలతో బయటపడ్డారు. చనిపోయిన సహచరుల దేహాలే ఆహారమైన కథ అది. చూసేవాళ్లకు జుగుప్స కలిగించి డబ్బు చేసుకోవడం ఎంత సులువో ఆలోచించు. దర్శకుడు బయోనా ఆ దారి పట్టలేదు. బతికినవాళ్లతో గంటల తరబడి మాట్లాడాడు, చనిపోయినవారి కుటుంబాల అనుమతితోనే వారి అసలు పేర్లు వాడాడు. అన్నిటికంటే గొప్ప పని, కథ చెప్పే గొంతును బతికి వచ్చినవాడికి కాక నూమా తుర్కాత్తికి ఇవ్వడం. సహాయం కోసం చివరి ప్రయాణం మొదలు కావడానికి ముందు రోజే, డిసెంబరు 11న, నూమా చనిపోయాడు. మా సినిమాలో నేను దొంగను చేసిన మనిషి స్థానంలో ఉన్నవాణ్ణి అక్కడ కథకుణ్ణి చేశారు. ఇలా కూడా చేయవచ్చునని ఆ లాడ్జి గదిలో నాకు తట్టలేదు.

మరొకటి గమనించు. పర్రాదో, కనేస్సా అనే ఇద్దరు పది రోజులు కొండలు దాటి నడిచినా, చివరికి వాళ్లు కంటపడింది నది అవతలి ఒడ్డున ఉన్న సెర్హియో కాతలాన్ అనే చిలీ పశువుల కాపరికే. నీళ్ల హోరులో మాట వినపడకపోతే రాయికి కాగితం కట్టి విసిరాడు, వాళ్లు రాసి తిరిగి విసిరినది చదివి, గంటల తరబడి గుర్రం మీద వెళ్లి పోలీసులకు కబురు చేశాడు. కాపరి వల్ల ఆ ఇద్దరి నడక ఏమీ చిన్నబోలేదు. నీ కథలో బతికిన పిల్లవాణ్ణి కనుగొన్నది చెంచులని విన్నాను. వాళ్లను దూరంగా చెట్ల మధ్య నీడల్లా చూపించి వదిలేయకు. వాళ్ల పెంటకు (చెంచుల గూడేన్ని అలా అంటారు) వెళ్లి అడుగు: ఏ గుర్తు చూసి ఆ వైపు వెళ్లారు, ముందు నీళ్లు పట్టారా, ఎన్ని చుక్కలు పట్టారు, ఎలా మోసుకొచ్చారు. నీ క్లైమాక్సు వాళ్ల దగ్గరే ఉంది.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని, ఎడిటింగు గదిలో రాలిన ఫిల్ము ముక్కలను కిటికీ వెలుగుకు పెట్టి చూసిన దానివి నువ్వు. నీ చేతిలో ఈ కథ మంచి సినిమా అవుతుందని నాకు నమ్మకం ఉంది.

చనిపోయిన కుర్రవాడి తల్లిదండ్రుల దగ్గరికి స్క్రిప్టు తీసుకుని వెళ్లు. షూటింగుకు ముందే వెళ్లు, పూర్తిగా చదివి వినిపించు, వాళ్లు వద్దన్నది ఏదైనా ఉంటే అక్కడే కొట్టెయ్యి. ఏ రోజు వెళతావో నాకు రెండు రోజుల ముందు ఫోను చెయ్యి, నేనూ బస్సెక్కి వస్తాను. మాట్లాడేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను. మీ నాన్నతో రెండు దోమతెరలు పంపుతున్నాను.

ఇట్లు,
నీ పెదనాన్న