నాణెం మీది ఓడకు నీటి నిరోధం లెక్క కట్టడం ఎలా?

శాతవాహనుల నాణేల మీద కనిపించే రెండు తెరచాప స్తంభాల ఓడను మళ్లీ కట్టిస్తే, నీరు దాన్ని ఎంత బలంగా అడ్డుకుంటుందో ముందే చెప్పగలమా, దానికి పెద్ద ల్యాబ్ తప్పదా అని అడిగారు.

చెప్పగలమండి. కానీ నిరోధం పుట్టేది నీటి కింద, నాణెం చూపించేది నీటి పైభాగం. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఓడ బరువు, అది మునిగే లోతు. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి నా లెక్కల కాగితం పట్టుకెళ్తే, "సరుకెంత వేస్తారండీ?" అన్నారు మొట్టమొదట. మీరూ అక్కడే మొదలుపెట్టండి. తేలిక, మధ్యస్థం, నిండు సరుకు అని మూడు మునకలకు లెక్క వేసి, జవాబును ఒక అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత అని చెప్పండి.

మేము కొందరం యానాం దగ్గర గౌతమిలో ఒక పాత చెక్క నావను లాగి చూశాం. నీటి మట్టం దగ్గర పొడవు 8 మీటర్లు, మునక అర మీటరు, మనుషులతో కలిపి బరువు దాదాపు 3.6 టన్నులు. తడిసే వైశాల్యానికి, అంటే నావ బయటి ఒంట్లో నీటికి తగిలే భాగానికి, ఒక పాత సూత్రం ఉంది: పొడవును మునకతో, 1.7తో గుణించి, మునిగిన ఘనపరిమాణాన్ని మునకతో భాగించి దానికి కలపాలి. 14 చదరపు మీటర్లు వచ్చింది. సెకనుకు 1.5 మీటర్ల వేగానికి 1957 నాటి అంతర్జాతీయ రాపిడి సూత్రం వాడితే సుమారు 44 న్యూటన్లు, అంటే నాలుగున్నర కిలోల లాగుడు.

లాగే పడవ ఇంజన్ ఫ్యాన్ చిమ్మే నీరు నావకు తగలకుండా పొడవాటి తాడు కట్టి, మధ్యలో వేలాడే స్ప్రింగ్ కాటా పెట్టాం. ముల్లు ఊగి ఊగి ఏడు కిలోల దగ్గర నిలిచింది. ఆ తేడా ఎక్కడిదో ఊహించవచ్చు: వెనక లేచే సుడులు, చిన్న అలలు, పలకల అతుకులు, అడుగున పట్టిన నాచు, గుల్లలు. ఒడ్డుకు లాగి అడుగంతా గీకించాక అదే వేగానికి ఆరుకు దిగింది. కాబట్టి నున్నటి అడుగు అనుకుని వేసిన లెక్కను పాత ఓడకు యథాతథంగా నమ్మొద్దు.

మరో ముఖ్యమైన విషయం, ఈ పని కాలువలో చేయకండి. ఇరుకు కాలువలో నావ వెళ్తుంటే గట్టు పక్క నీరు ముందు తగ్గి, తర్వాత పొంగడం చూసే ఉంటారు. అక్కడ కాటా ఎక్కువే చూపిస్తుంది. ఏరు వెడల్పుగా, లోతుగా ఉన్నచోటే లాగాలి. ఫోన్ జీపీఎస్ చెప్పేది నేల మీది వేగం, నీటిలో వేగం కాదు. అందుకే పోటు ఆగే వేళ ఎదురూ వాలూ రెండు వైపులా లాగి సగటు తీయాలి.

మెల్లగా పోయే సరుకు ఓడకు రాపిడే ప్రధానం. వేగం పెరిగేకొద్దీ అలల వాటా ఎగబాకుతుంది. ఈ రెంటినీ విడదీసి, చిన్న నమూనా నుంచి పెద్ద ఓడకు లెక్క తెచ్చే దారి 1870లలో ఇంగ్లండ్ ఇంజనీరు విలియం ఫ్రూడ్ చూపించాడు. అజంతా చిత్రం ఆధారంగా కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టిన మన నౌకాదళ ఓడ కౌండిన్యకు కూడా ఐఐటీ మద్రాసులో నమూనా పరీక్షలు జరిగాయి.

నిరోధం తెలిసినంత మాత్రాన ఓడ వేగం తెలిసిపోదు. ప్రాచీన గ్రీకు యుద్ధనౌకను మళ్లీ కట్టి 1987లో నీటిలోకి దించిన ఒలింపియాస్‌ను 170 మంది తెడ్లతో నడిపితే కాసేపు 9 నాట్లు (గంటకు సుమారు 17 కిలోమీటర్లు) దాకా అందుకుంది, కానీ ప్రాచీనులు రాసిన దూరప్రయాణ వేగాన్ని నిలబెట్టలేకపోయింది. తెడ్లవాళ్ల మధ్య చోటు చాలకపోవడం అందుకు ఒక కారణమని తర్వాత తేల్చారు. మీ ఓడ తెరచాపలది కాబట్టి, నిరోధం లెక్క పక్కనే గాలి లెక్క కూడా పెట్టుకోండి. లాగి చూసే రోజును మాత్రం అక్కడి సరంగులను అడిగి నిర్ణయించండి, పోటు ఆగే గంట వాళ్లకు బాగా తెలుసు.