సెలవు రోజుల్లో రాని కడుపునొప్పి పరీక్షలప్పుడే ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. బాగానే చదువుతుంది. కానీ పరీక్షలు దగ్గరపడేకొద్దీ పొద్దున లేవగానే కడుపునొప్పి, వాంతి వచ్చేలా ఉందంటోంది. స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. సెలవు రోజుల్లో ఏ నొప్పీ ఉండదు. రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంది, తీరా పరీక్షలో ఏమీ గుర్తురావట్లేదని ఏడుస్తుంది. బడి ఎగ్గొట్టడానికి నాటకమా? నిద్రమాత్ర ఇవ్వొచ్చా? - ఒక తల్లి

జవాబు: నాటకం కాదండీ. రిపోర్టులు నార్మల్ అంటే ఆ పరీక్షల్లో జబ్బేమీ కనబడలేదని, అంతేగానీ నొప్పి లేదని కాదు. మెదడుకీ పేగులకీ నరాల ద్వారా నేరుగా సంబంధం ఉంటుంది. టెన్షన్ ఎక్కువైతే జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు కదలికలు పెరుగుతాయి, దాంతో వికారం, మెలిపెట్టే నొప్పి, కొందరికైతే బయల్దేరే ముందు మూడుసార్లు బాత్‌రూమ్‌కి పరుగు. సెలవు రోజున టెన్షన్ లేదు కాబట్టి నొప్పీ లేదు. 'ఏమీ లేదని డాక్టర్ చెప్పాడుగా, లే' అని గదమాయిస్తే రేపటి నుంచి మీకు చెప్పడం మానేస్తుంది, నొప్పి మాత్రం మానదు.

అలాగని నొప్పి అన్న ప్రతిసారీ బడి మాన్పించకండి. ఇంట్లో ఉండిపోతే కాసేపట్లోనే హాయిగా ఉంటుంది, తప్పించుకుంటేనే హాయి అని మనసు నేర్చేసుకుంటుంది, మర్నాడు భయం ఇంకాస్త ముదురుతుంది. 'నొప్పిగా ఉందని నాకు తెలుసు, అయినా వెళ్లు, మరీ ఓర్చుకోలేకపోతే టీచర్‌కి చెప్పి పది నిమిషాలు బయట కూర్చో' అనండి. టీచర్‌తో ముందే మాట్లాడి పెట్టండి.

నాకు ఎక్కువ అనుమానం ఆ ఒంటిగంట మీదే. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్రకు సాయపడే మెలటోనిన్ కాస్త ఆలస్యంగా ఊరుతుంది, అందుకే తొమ్మిదింటికే పడుకోమంటే నిద్ర పట్టదు, అది మొండితనం కాదు. కానీ పగలు చదివింది బుర్రలో గట్టిపడేది చాలావరకు నిద్రలోనే, ఆ నిద్రనే కోసేసి ఇంకో రెండు పాఠాలు చదివితే లాభమేంటి? పదింటికల్లా పుస్తకం మూసేయించండి, ఫోను వేరే గదిలో పెట్టించండి. సాయంత్రం కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఆపేయండి, ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. నిద్రమాత్ర మీ అంతట మీరు అస్సలు ఇవ్వొద్దు.

ఇక గుర్తురాకపోవడం. చదివిందే మళ్లీ మళ్లీ చదువుతుంటే అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది, జవాబు కళ్లముందే ఉంటుంది కదా! పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాసి, తప్పిపోయినవి చూసుకోమనండి. పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాస్తే ఇంకా మంచిది. పరీక్ష హాల్లో చేతులు వణికి, మొదటి ప్రశ్న ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కకపోతే పెన్ను కింద పెట్టి, పాదాలు నేలకి ఆనించి, ఊపిరి పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా ఐదారుసార్లు వదిలి, వచ్చిన ప్రశ్నతోనే మొదలుపెట్టమనండి. ఇది ఇంటి దగ్గర రోజూ చేసి అలవాటైతేనే అక్కడ పనిచేస్తుంది.

ఇంకో మాట. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయిగానీ, అమ్మాయి దేనికి భయపడుతోందో లేదు. అడిగారా? మార్కులు తగ్గితే మీరేమంటారోనని కావచ్చు, తరగతిలో ఎవరైనా ఏడిపిస్తుండొచ్చు, అలాంటిదైతే నేను పైన చెప్పిన ఏ చిట్కా పనిచేయదు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేస్తే చెప్పరు, ఏదో పని చేసుకుంటూ పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి, చెప్పాక వెంటనే సలహా ఇవ్వకండి. 'ఎంతవరకు అయింది?' అని గంటగంటకీ తలుపు తట్టడం మాత్రం ఇవాళే ఆపేయండి.

నొప్పికి రాత్రి నిద్రలోంచి లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనబడినా మళ్లీ డాక్టర్‌కి చూపించండి. రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటూ, తిండి, స్నేహితులు, ఇష్టమైన పనులు అన్నీ వదిలేస్తే మానసిక వైద్యుల్ని కలవాలి. చచ్చిపోతే బాగుండు అన్న మాట వినబడితే 'నిజంగా అలా అనిపిస్తోందా?' అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అప్పుడు ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు.