‘సార్ చెప్పారు, ఎంట్రీ కొట్టాను’ అంటే కోర్టు వింటుందా?

ప్రశ్న: విజయవాడలో ఒక కాంట్రాక్టు కంపెనీలో (ప్రైవేట్ లిమిటెడ్) ఆరేళ్లుగా అకౌంటెంట్‌గా చేస్తున్నాను. ఏడాదిన్నరగా సైటుకు రాని సిమెంటుకు, ఐరన్‌కు బిల్లులు వస్తున్నాయి. సార్ చెప్పినట్టే టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీ కొట్టి, బిల్లు ఇచ్చినవాళ్లకు బ్యాంకు నుంచి ఆర్టీజీఎస్ పెడతాను. రెండు మూడు రోజుల్లో కమీషన్ పోను మిగతాది క్యాష్‌గా ఆఫీసుకు తిరిగొస్తుంది. అందులో కొంత మా బిల్లులు పాస్ చేసే ప్రభుత్వ ఆఫీసుకు కవర్లలో వెళ్తుంది. దాన్ని ‘సైట్ ఖర్చులు’ అని రాస్తాను. ఇప్పుడు కొత్త కంపెనీ పెట్టి నన్ను డైరెక్టర్‌గా ఉండమంటున్నారు. నాకు జీతం తప్ప రూపాయి రాదు. కేసైతే నా మీదికి వస్తుందా? ఉద్యోగం మానేస్తే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ డైరెక్టర్ సంగతి. దయచేసి ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. పాన్, ఆధార్, ఓటీపీ, డిజిటల్ సంతకం, ఏదీ ఇవ్వకండి. రేపు ఆ కంపెనీ పేరు మీద దొంగ బిల్లులు పుడితే అధికారులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. ఇప్పటికే పెట్టేసి ఉంటే కంపెనీల చట్టం 168వ సెక్షన్ కింద రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వండి. రాజీనామా సంగతి ప్రభుత్వానికి తెలిపే డీఐఆర్-11 ఫారం మీరే దాఖలు చేయవచ్చు. అయితే డైరెక్టర్‌గా ఉన్న కాలంలో జరిగిన తప్పులకు రాజీనామా తర్వాత కూడా జవాబు చెప్పాల్సి ఉంటుంది.

ఇక మీ అసలు భయం. కేసు మీ మీదికి రావచ్చు. మోసం చేసే ఉద్దేశంతో లెక్కలు తారుమారు చేసిన గుమాస్తాకు, ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 344వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. పాత ఐపీసీలో ఇది 477ఎ. మనీ లాండరింగ్ చట్టం (పీఎంఎల్ఏ) 3వ సెక్షన్ కూడా లాభం ఎవరికి చేరిందన్న దగ్గర ఆగదు, ‘తెలిసి సహకరించడం’ కూడా నేరమే అంటుంది. శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. ఒట్టి ఆదాయపు పన్ను ఎగవేత అయితే ఈ చట్టం నేరుగా రాదు. కానీ మీ వ్యవహారంలో లంచం కూడా ఉంది. అవినీతి నిరోధక చట్టం కింది నేరాలు పీఎంఎల్ఏ షెడ్యూల్‌లో (ఆ చట్టం వర్తించే నేరాల జాబితా) ఉన్నాయి కాబట్టి ఈడీకి (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) దారి తెరుచుకుంటుంది.

సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖతో బయటపడిన ఆ మోసంలో, 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో ఛైర్మన్, ఆయన సోదరులతో పాటు ఇద్దరు ఆడిటర్లు, ఇంటర్నల్ ఆడిట్ అధికారి, కంపెనీ మాజీ ఉద్యోగులు కూడా ఉన్నారు. అప్పీలులో శిక్ష నిలుపుదల అయింది నిజమే, కానీ అప్పటికే ఆ ఉద్యోగులు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో లెక్క వేసుకోండి.

దొంగ బిల్లు కాగితం మీద శుభ్రంగానే ఉంటుంది. దొరికేది పక్క కాగితాల్లో. బిల్లులో 400 బస్తాలుంటే సైటు గేటు రిజిస్టర్‌లో ఆ రోజు లారీయే ఉండదు, కాటా చీటీ ఉండదు. ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉన్న బండి నంబరు చూస్తే స్కూటర్‌ది అవుతుంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగే మొదటి మనిషి అకౌంటెంటే. అందుకే ‘నాకు తెలియదు’ అని మీరంటే నమ్మడం కష్టం. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కలు రాయాలి. ఏ యూజర్ ఎప్పుడు ఏ ఎంట్రీ కొట్టాడో, ఎప్పుడు మార్చాడో అందులో నిలిచిపోతుంది. ఆ యూజర్ ఐడీ మీదేగా?

కాబట్టి మానేసినంత మాత్రాన పాతది పోదు. అయినా ఇవాళే ఆపండి. ‘సరుకు రసీదు లేని బిల్లు ఎంట్రీ చేయలేను’ అని సార్‌కు ఈమెయిల్ పెట్టండి. నోటితో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు. మీకు వచ్చిన మెసేజీలు, మెయిళ్లు ఉంచుకోండి. ఏదీ డిలీట్ చేయకండి, అది ఇంకో నేరం అవుతుంది. అలాగని టాలీ డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకుపోకండి, దొంగతనం కేసు మీ మీదే పెడతారు. బిల్లు నంబర్లు, తేదీలు మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

కంపెనీ ఆడిటర్‌కు కూడా రాతపూర్వకంగా చెప్పవచ్చు. కోటి రూపాయలు, ఆపైన మోసం కనిపిస్తే ఆయన కేంద్ర ప్రభుత్వానికి తెలపాలని కంపెనీల చట్టం 143(12) సెక్షన్ చెబుతోంది. అంతకు తక్కువైతే బోర్డుకు చెప్పాలి. మీ బోర్డంటే మీ సారే కాబట్టి రెండో దారి మీద నాకు ఆశ లేదు. ఆ ఆడిటర్ కూడా ఇందులో ఉన్నాడని అనుమానముంటే ఆయన దగ్గరికి అసలు వెళ్లకండి. ఇది చదివే సీఏలకు ఒక మాట: 2023 మే 3 నోటిఫికేషన్‌తో, క్లయింటు తరఫున ఆస్తులు కొనిపెట్టడం, డబ్బు చూసుకోవడం, కంపెనీలు నడపడం వంటి పనులు చేస్తే మీరూ పీఎంఎల్ఏ పరిధిలోకి వచ్చారు. అనుమానాస్పద లావాదేవీని ఎఫ్ఐయూకి (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) తెలపాల్సిందే.

కవర్లు ఎప్పుడైనా మీ చేతే పంపించారా? ఆ విషయం మీరు రాయలేదు. పంపించి ఉంటే ఏసీబీ దగ్గరికి వెళ్లే ముందే క్రిమినల్ లాయరును కలిసి ఏదీ దాచకుండా చెప్పండి. ఈడీ సమన్లు వస్తే అక్కడ మీరు ఇచ్చే వాంగ్మూలాన్ని సాక్ష్యంగా వాడతారు, అబద్ధం చెప్పినా నేరమే. ఉన్నది ఉన్నట్టు చెప్పే నిందితుణ్ణి క్షమించి సాక్షిగా తీసుకునే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 343వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. అది కోర్టు దయే తప్ప మీ హక్కు కాదు. కానీ దాడులు జరిగాక చెప్పినవాడి మాటకూ, ముందే వచ్చి చెప్పినవాడి మాటకూ కోర్టు దగ్గర విలువ ఒకటి కాదు. ఈ వారంలోనే కలవండి. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఆర్నెల్ల జీతం స్లిప్పులు, ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.